ఒడ్డున చెప్పుల కాపలా ఎవరిది?

బీచ్‌కి వచ్చిన ఏ కుటుంబాన్నయినా ఒకసారి గమనించండి. మగవాళ్లు ప్యాంట్లు పైకి మడుచుకుని మోకాళ్ల లోతు దాకా వెళ్తారు. పిల్లలు కేరింతలు కొడుతూ అలలకి ఎదురు పరిగెడతారు. ఒడ్డున పొడి ఇసుకలో ఐదారు జతల చెప్పులు, రెండు సంచులు, మంచినీళ్ల సీసా, తువ్వాళ్లు, అందరి ఫోన్లు ముందేసుకుని ఒకావిడ కూచుని ఉంటుంది. కన్ను పిల్లల మీద, చెయ్యి సంచుల మీద. ‘నువ్వూ రావచ్చుగా’ అని నీళ్లలోంచి ఎవరో ఒక కేక పెడతారు. ‘మీరు కానివ్వండి’ అంటుందావిడ. రెండోసారి ఎవరూ పిలవరు. ఆవిడ మా అమ్మ కావచ్చు, మీ అత్తగారు కావచ్చు. మొన్న సంక్రాంతి దాకా ఆవిడ నేనే.

మాది శృంగవరపుకోట. అరకు వెళ్లేవాళ్లలో చాలామందికి ఇది దారిలో టీ తాగే ఊరుగానే గుర్తు. కొండలకి బాగా దగ్గర, అలాగని సముద్రానికీ మరీ దూరం కాదు. విశాఖకి గంటన్నర బస్సు ప్రయాణం. పైగా మాకూ సముద్రానికీ ఒక చుట్టరికం కూడా ఉంది. గోస్తనీ నది అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల్లోంచి దిగి, తాటిపూడి జలాశయంలో కాస్సేపు ఆగి, భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. మా పక్కనుంచి పోయే నీళ్లు సముద్రంలోకి వెళ్తాయి. మేం మాత్రం ఒడ్డుదాకానే.

మా ఆడపడుచు వాళ్లు విశాఖలో ఉంటారు. మా అన్నయ్యగారి స్నేహితుడెవరికో చిన్న తెరచాప పడవ ఉందనీ, పండక్కి వస్తే ఓ పూట సముద్రంలో తిప్పి తీసుకొస్తాడనీ కబురొచ్చింది. ఇంట్లో చర్చ మొదలైంది. చర్చంటే ఏముంది, మా అత్తగారు ఒక్క మాటన్నారు. ‘నేలమీద సరదాలన్నీ అయిపోయాయా?’ అని. మావారు మా అబ్బాయి వస్తాడన్నారు, తనూ వస్తానన్నారు. మా అమ్మాయి సంగతి వచ్చేసరికి ‘చూద్దాం’ అన్నారు. నా సంగతి అసలు చర్చకే రాలేదు. నేను ఎలాగూ ఆడపడుచుతో ఇంటి దగ్గర ఉంటానని అందరూ అనుకున్నారు. నిజం చెప్పొద్దూ, నేనూ అలాగే అనుకున్నాను.

తొమ్మిదో తరగతి చదువుతున్న మా అమ్మాయి ఒకటే ప్రశ్న వేసింది. ‘తమ్ముడికి ఈత వచ్చా?’ రాదు. ‘నాకూ రాదు. మరి వాడెందుకు వెళ్లొచ్చు?’ దానికి మావారి దగ్గర సమాధానం లేదు, నా దగ్గరా లేదు. చివరికి అందరం వెళ్దామన్నారు.

కనుమనాడు కాకి కూడా కదలదంటారు కదా, ఆ మర్నాడు పెట్టుకున్నాం ప్రయాణం. తెల్లవారుజామున మూడింటికి లేచి నేనూ మా ఆడపడుచూ పులిహోర కలిపాం. పండగ జంతికలూ అరిసెలూ డబ్బాల్లో సర్దాం. పదిమందికి ప్లేట్లు, గ్లాసులు, ఫ్లాస్కులో టీ. చేపలరేవు దగ్గర మా సంచులు చూసి పడవ నడిపే అబ్బాయి నవ్వాడు. పాతికేళ్లు ఉంటాయేమో, జాలారిపేట కుర్రాడు. మనం సరంగు అంటామే, ఆ పని అతనిది. ‘ఏటమ్మా, సింగపూరెల్తున్నారా?’ అన్నాడు.

పడవ ముప్ఫై అడుగులుంటుందేమో. మధ్యలో పొడుగాటి కొయ్య, దానికి చుట్టిపెట్టిన తెల్లటి తెరచాప. కిందికి నాలుగు మెట్లు దిగితే అగ్గిపెట్టెలాంటి గది. అందులో రెండు బల్లలు, చిన్న పొయ్యి, ఇంకా చిన్న బాత్రూమ్. ఆడవాళ్లు మొదట అడగాలనుకుని అడగలేనిది అదేగనక ముందే చెప్తున్నాను. ఉంది. చేత్తో పంపు కొట్టుకోవాలి, అంతే. ఆ సంగతి ముందు తెలియక మా ఆడపడుచు ముందురోజు రాత్రి నుంచీ మంచినీళ్లు ముట్టలేదు. ఎన్ని ప్రయాణాల్లో మనం ఇలా నోరెండబెట్టుకున్నామో లెక్కేస్తే అదో పెద్ద పుస్తకమవుతుంది.

లైఫ్ జాకెట్ వేసుకోకపోతే పడవ కదలదన్నాడు సరంగు. నేను పంజాబీ డ్రెస్‌లో ఉన్నాను గనక బతికిపోయాను. చీర కట్టుకొచ్చిన మా ఆడపడుచుకి ఆ పట్టీలు బిగించేసరికి తాతలు దిగొచ్చారు.

రేవు దాటేవరకూ ఇంజన్ మీద వెళ్లాం. ఒక పక్క వరసగా మరపడవలు, పచ్చిచేపల వాసన, వెనక డాల్ఫిన్స్ నోస్ కొండ. బయటి నీళ్లలోకి రాగానే తెరచాప ఎత్తి ఇంజన్ ఆపేశాడు. ఒక్కసారిగా ఆ నిశ్శబ్దం! పడవ పక్కల నీళ్లు కోసుకుపోతున్న చప్పుడు తప్ప ఇంకేం లేదు. పొద్దున్నపూట గాలి నేలమీంచి సముద్రంలోకి వీస్తుందిట. రాత్రంతా నేల చల్లబడుతుంది, నీళ్లు అంత త్వరగా చల్లబడవు, అందుకని. మధ్యాహ్నానికి నేల వేడెక్కి గాలి తిరగబడుతుంది. వెనకటి జాలర్లు ఆ గాలితో వెళ్లి ఈ గాలితో ఇంటికొచ్చేవారన్నమాట. డిగ్రీ చదివాను, భౌగోళిక శాస్త్రంలో ఇదంతా పరీక్షల్లో రాశాను కూడా. చెంపకి తగిలి తెలియడం మాత్రం ఇదే మొదలు.

ఎప్పుడూ ఊళ్లోంచి సముద్రాన్ని చూడ్డమే గానీ సముద్రంలోంచి ఊరిని చూడ్డం ఎప్పుడూ లేదు. కురుసుర జలాంతర్గామి, కైలాసగిరి, రుషికొండ, ఒక్కొక్కటే బొమ్మల కొలువులో బొమ్మల్లా నెమ్మదిగా వెనక్కి జరుగుతున్నాయి. నాకు వాటిని చూసే తీరికెక్కడిది? ప్లేట్లు తీసి పులిహోర వడ్డించడానికి కిందికి దిగాను.

అక్కడే నా పని అయిపోయింది. గది అంతా ఊగుతోంది. వంగి డబ్బా మూత తీస్తున్నానో లేదో కడుపులోంచి దేవింది. పైకొచ్చి అంచు పట్టుకుని కూచున్నాను. మా అత్తగారి మాట గుర్తొచ్చింది. మావారు ‘చెప్తే విన్నావా’ అనే చూపు చూశారు. మా అమ్మాయి వీపు రాస్తోంది. అప్పుడా సరంగు అబ్బాయి, ‘మేడమ్, మళ్లీ లోపలికెల్లకండి. ఇలా వచ్చి ఇది పట్టుకోండి’ అని తన చేతిలోని చుక్కాని కర్ర నా చేతికిచ్చాడు.

‘నేనా?’ అన్నాను. ‘ఆ దూరంగా కనపడే కొండనే సూడండి. పడవ ముక్కు అటే ఉండాల. అంతే’ అన్నాడు.

కర్రని కుడివైపు తోస్తే పడవ ఎడమకి తిరుగుతుంది, ఎడమకి తోస్తే కుడికి. (మా ఇంట్లోనూ ఇంతే. నేను వద్దన్నదే జరుగుతుంది. అందుకని త్వరగానే అలవాటైంది.) ఐదు నిమిషాలు, పది నిమిషాలు. ఆ కొండ తప్ప నాకింకేం కనపడలేదు. గాలి కాస్త పెరిగితే కర్ర చేతిని లాగుతుంది, తగ్గితే వదులవుతుంది, గేదె పలుపు పట్టుకున్నట్టు. కాసేపటికి ఎవరో ‘ఇప్పుడెలా ఉంది?’ అంటే గానీ నాకు గుర్తురాలేదు, నాకు కడుపులో తిప్పిందని!

ఇందులో మాయేం లేదు. తలొంచుకుని గదిలో ఉన్నప్పుడు కళ్లు ‘ఏం కదలడం లేదు’ అంటాయి, చెవి లోపలి భాగం ‘అంతా కదులుతోంది’ అంటుంది. ఆ పేచీలోంచే వాంతి. దూరంగా ఆకాశం నీళ్లూ కలిసే గీత మీద చూపు నిలిపితే పేచీ తీరుతుంది. పడవ నడిపేవాళ్లకి అది ఎటు ఒరగబోతోందో ముందే తెలుస్తుంది గనక వాళ్లకి తిప్పడం తక్కువ. కార్లో నడిపేవాళ్లకి రాని వాంతి వెనక సీట్లో కూచున్నవాళ్లకి రావడం మనం చూడ్డంలేదూ? నేను ఈ వ్యాసం రాయడానికి కారణమే అది. లోపల కూచుని వడ్డించే మనిషికి కడుపులో తిప్పింది, చుక్కాని చేతికిస్తే తగ్గింది. ఇది కథలో రాస్తే అతకలేదంటారు. కానీ జరిగింది.

భీమిలి దాకా వెళ్లాలనుకున్నాం గానీ ఎర్రమట్టి దిబ్బలు కనిపించేసరికే గాలి మారింది. గోస్తనీ కలిసే చోటు అల్లదిగో అని దూరంనుంచే చూపించాడు. తిరుగు ప్రయాణంలో గాలి ఎదురు. తెరచాప పడవ గాలికి సూటిగా ఎదురెళ్లలేదు. ఘాట్‌రోడ్డు కొండెక్కినట్టు ఇటు కొంత దూరం, అటు కొంత దూరం మెలికలు తిరుగుతూ వెళ్లాలి. మెలిక తిరిగినప్పుడల్లా తెరచాప ఇటునుంచి అటు మారుతుంది, అందరూ తల వంచాలి, ఒకరు ఒక తాడు వదలాలి, ఇంకొకరు రెండో తాడు లాగాలి. మా అమ్మాయికి ఓ తాడు, మా అబ్బాయికి ఓ తాడు అప్పజెప్పాడు. పడవ ఓ పక్కకి ఎంత ఒరిగిందంటే మావారు రెండు చేతులా కమ్మీ పట్టుకున్నారు. ‘పడదు సార్. అడుగున నీళ్లలోకి బరువైన దిమ్మ దిగుంటాది. ఒరిగినకొద్దీ అది మళ్లీ నిలబెడతాది’ అని ధైర్యం చెప్పాడు. గాలి మరీ ఎక్కువైతే తెరచాపని సగం మడిచేస్తారుట.

పులిహోర ఎవరు వడ్డించారని అడగరేం? ఎవరూ వడ్డించలేదు. ఎవరికి ఆకలేస్తే వాళ్లు దిగి డబ్బాలోంచి పెట్టుకుని తిన్నారు. ఎవరూ పస్తులుండలేదు.

ఇంటికొచ్చాక ఇలాంటి పడవల గురించి కాస్త చదివాను. కొన్ని దేశాల్లో కుటుంబాలు సొంతంగానో అద్దెకో ఇలాంటి చిన్న పడవ తీసుకుని తీరం వెంబడే వారమూ పదిరోజులూ సెలవులు గడుపుతాయి. రాత్రి ఏదో ఒక రేవులో లంగరు వేసుకుని పడవలోనే పడుకుంటారు. వంటా అందులోనే. పడవ ఒరిగినా గిన్నె ఒరక్కుండా పొయ్యిని ఉయ్యాలలా వేలాడదీస్తారు. ఆ ఏర్పాటు చూసి మా ఆడపడుచు ‘ఎంత తెలివో’ అంది. నాకు మాత్రం ఆ ఉయ్యాల పొయ్యి దగ్గర నిలబడేది ఎవరన్న అనుమానమే ముందొచ్చింది. ఇంట్లో పద్ధతి ఇంట్లోనే వదిలి రాకపోతే, సముద్రయానం అంటే ఊగే వంటింట్లో వారం రోజుల వంట అన్నమాట. దానికంటే మన వంటిల్లే నయం, కనీసం ఊగదు.

మరి ఆడవాళ్లు మాత్రమే ఉన్న పడవ ఎలా నడుస్తుంది? మనకి ఆ ఉదాహరణ కూడా ఉంది. 2017 సెప్టెంబరు 10న గోవా నుంచి ‘తరిణి’ అనే 56 అడుగుల తెరచాప పడవ బయల్దేరింది. అందులో ఉన్నది ఆరుగురు నౌకాదళ అధికారులు, ఆరుగురూ ఆడవాళ్లే. వర్తికా జోషీ నాయకురాలు. మిగిలినవాళ్లు ప్రతిభా జామ్వాల్, విజయాదేవి, పాయల్ గుప్తా, మన విశాఖపట్నం స్వాతి పాతర్లపల్లి, మన హైదరాబాదు ఐశ్వర్య బొడ్డపాటి. జెండా ఊపిన అప్పటి రక్షణమంత్రి నిర్మలా సీతారామన్ కూడా మన నరసాపురం కోడలే అనుకోండి. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, ఫాక్‌లాండ్స్, దక్షిణాఫ్రికా మీదుగా భూమి చుట్టూ తిరిగి 254 రోజుల తర్వాత, 2018 మే 21న మళ్లీ గోవా చేరారు. దాదాపు 21,600 నాటికల్ మైళ్లు, అంటే సుమారు 40,000 కిలోమీటర్లు. దారిలో చుక్కాని యంత్రం పాడైతే మారిషస్‌లో ఆగి బాగుచేయించుకున్నారు. గాలి కాపలా, చుక్కాని, మరమ్మతులు, వంట, అన్నీ వాళ్ల ఆరుగురి మధ్యే. అదే తరిణిలో 2024 అక్టోబరు 2న దిల్నా, రూప అనే ఇద్దరే ఇద్దరు అధికారిణులు బయల్దేరి, 2025 మే నెలాఖరుకి ప్రపంచం చుట్టి వచ్చారు.

ఈ వార్తలు వచ్చినప్పుడు మనం పేపర్లో ఫోటో చూశాం, ‘శభాష్’ అన్నాం, పేజీ తిప్పేశాం. విశాఖ అమ్మాయి ప్రపంచమంతా చుట్టి వచ్చాక కూడా విశాఖ చుట్టుపక్కల ఎంతమంది అమ్మలు తమ ఆడపిల్లల్ని ఈతకి పంపారు? నేను పంపలేదు. సముద్రమే లేని హైదరాబాదులో హుసేన్‌సాగర్ మీద బీదింటి పిల్లలు, అందులో ఆడపిల్లలు కూడా, తెరచాప పడవలు నడపడం నేర్చుకుంటున్నారు. మనకి ఇచ్ఛాపురం నుంచి తడ దాకా ఇంత పొడుగు తీరం ఉంది.

రేవులో దిగాక చేపలమ్మే ఒకావిడ దగ్గర ఆగాం. అరవయ్యేళ్లుంటాయి. పడవెక్కి వచ్చామంటే నన్ను ఎగాదిగా చూసింది. ‘నాను పుట్టింది ఈ గట్టునే, మనువాడింది ఈ గట్టునే. ఒక్కపాలీ ఎక్కనేదమ్మా. ఆడది కాలెడితే వల ఖాళీగొస్తాదంటారు మావోళ్లు’ అంది. ‘నువ్వు నమ్ముతావా?’ అంటే నవ్వేసింది. ‘ఆల్లు తెచ్చిన చేపని డబ్బు సేసేది నానే కదా. నాను కాలెట్టకపోతే ఆల్లకి ఖాళీ’ అంది. ఆవిడ వేలంపాటలో అరిచి, బేరమాడి, అప్పులు తీర్చి, ఇల్లు నడిపే మనిషి. ఆ పడవ నిలబడేదే ఆవిడ లెక్కల మీద. అయినా ఆవిడ చోటు గట్టే. ఆవిడకీ నాకూ చదువులో, డబ్బులో ఎంత తేడా ఉన్నా చోటు మాత్రం ఒకటే.

భయం తప్పని నేననను. 2019 సెప్టెంబరు 15న పాపికొండల దారిలో కచ్చులూరు దగ్గర, వరద గోదావరిలో పర్యాటకుల పడవ మునిగి ఎన్ని ఇళ్లు చీకటైపోయాయో మనం మర్చిపోలేదు. మన బీచ్‌ల్లో సరదాకి దిగి అలల్లో కొట్టుకుపోయిన కాలేజీ పిల్లల వార్తలు చదువుతూనే ఉన్నాం. నా భయమూ అక్కడిదే. కానీ ఆ భయంతో మనం చేసిందేమిటి? పిల్లలకి నీళ్ల గురించి ఏమీ చెప్పకుండా దూరంగా ఉంచాం. మా అన్నయ్యలు ఎండిన ఆనపకాయ బుర్రలు నడుముకి కట్టుకుని ఊరి చెరువులో ఈత నేర్చుకున్నారు. అదే చెరువు గట్టున మేం బట్టలుతికాం. నీళ్లకీ ఆడపిల్లకీ మధ్య ఉన్న సంబంధం ఉతకడం, మోయడం, అంతవరకే. ప్రమాదం వచ్చినప్పుడు ఏమీ రానిది మనకే. ఆ జాలారిపేట కుర్రాడికీ సముద్రమంటే భయమే. అందుకే జాకెట్ లేనిదే కదలనన్నాడు, గాలి తిరగ్గానే భీమిలి మానేసి వెనక్కి తిప్పాడు. మావారు ‘ఇంకో అరగంటేగా’ అన్నా వినలేదు.

కాబట్టి పర్యాటకం పర్యాటకం అని పాటపాడే పెద్దలకి నావి చిన్న కోరికలే. పడవెక్కే ప్రతి రేవులో ఆడవాళ్లకి తలుపూ గడియా నీళ్లూ ఉన్న మరుగుదొడ్డి. చిన్నపిల్లలకీ, సన్నటి ఒళ్లుకీ, భారీ ఒళ్లుకీ సరిపడే లైఫ్ జాకెట్లు. పడవలో ఎంతమంది ఎక్కాలో పెద్దక్షరాలతో రాసిన బోర్డు, దాన్ని పాటించే మనిషి. ఈతకొలనుల్లో ఆడవాళ్లకి కేటాయించే వేళ ఏదో మూలకి విసిరేసిన మధ్యాహ్నపు గంట కాకుండా పనికొచ్చే సమయంలో ఉండాలి, నేర్పేది ఆడమనిషైతే మరీ మంచిది. మన తీరంలో డిసెంబరు నుంచి మార్చి దాకా సముద్రం కాస్త నెమ్మదిగా ఉంటుంది. వానాకాలంలో వద్దు. అక్టోబరు, నవంబరుల్లో అసలొద్దు. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ, రెండూ అక్టోబరులోనే మనమీద పడ్డాయి. సముద్రంలో ఆపదొస్తే తీరరక్షక దళానికి 1554కి ఫోన్ చెయ్యొచ్చని కూడా నాకు ఈ మధ్యే తెలిసింది. గ్యాస్ బుకింగ్ నంబరు మాత్రం నోటికొచ్చు.

చెల్లెళ్లూ, మీ ఇంట్లో ఎవరైనా పడవ ప్రయాణం అంటే రెండు విషయాలు ముందే తేల్చుకోండి. ఒకటి, తిండి సంగతి అందరిదీ. రెండు, చుక్కాని దగ్గర మీ వంతు ఎప్పుడు? ఇవి తేలకపోతే ఇంట్లోనే ఉండి ఓ మంచి నవల చదువుకోండి.

మా ఇంట్లో పరిస్థితి చెప్పి ముగిస్తాను. వేసవి సెలవుల్లో మా అమ్మాయి విశాఖలో మేనత్త ఇంట్లో ఉండి ఈత నేర్చుకుంటానంది. ‘ఒక్కదాన్నీ ఎందుకు, నేనూ చేరతాను’ అన్నాను. ఇల్లంతా నవ్వారు. ఈ వయసులోనా అన్నారు. మా అత్తగారు మాత్రం నవ్వలేదు. కాసేపాగి, చిన్నప్పుడు ఆవిడ తమ్ముడితో పోటీపడి చెరువులోకి దిగితే వాళ్లమ్మ జుట్టు పట్టుకుని బయటికి లాగిందని చెప్పారు. ఇరవయ్యేళ్లుగా ఆవిడతో ఉంటున్నాను, ఆ సంగతి వినడం అదే మొదటిసారి. ఇద్దరి ఫీజూ కట్టేశాం. ఆ నెల్లాళ్లూ తన టిఫిన్ తనే చూసుకుంటానన్నారు మావారు. ఉప్మాకి నీళ్లెన్ని పొయ్యాలో కాయితం మీద రాసివ్వమన్నారు. రాసిచ్చాను.